జ్ఞాపకాల మీద రీసెర్చ్ చేస్తానంటోంది... నీట్ మానిపించాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ. చిన్నప్పటి నుంచీ డాక్టర్ అవుతాననేది. ఇప్పుడేమో మెదడులో జ్ఞాపకాలు ఎలా నిలుస్తాయో రీసెర్చ్ చేస్తాను, నీట్ రాయను అంటోంది. ఇది కెరీర్ అవుతుందా? ఎక్కడ చదివించాలి? ఇంట్లో రోజూ ఇదే గొడవ.
- ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: కెరీర్ అవుతుందండీ. కాకపోతే ఎంబీబీఎస్‌లా ఇన్నేళ్లకు ఇంత అని లెక్కకట్టి చెప్పగలిగేది కాదు. ముందు మీ అమ్మాయి దేని వెంట పడిందో మీరూ కొంచెం తెలుసుకోండి, గొడవ సగం తగ్గుతుంది.

ఎరిక్ కాండెల్ అనే శాస్త్రవేత్త అప్లీసియా అనే సముద్రపు నత్త మీద ఈ పని చేశారు. దానికి ఉండేవి సుమారు 20 వేల న్యూరాన్లే (నాడీకణాలే), అవీ బాగా పెద్దవి. తోక మీద ఒకసారి షాక్ ఇస్తే ఆ బెదురు కొన్ని నిమిషాలు ఉంటుంది. మధ్యలో విరామం ఇస్తూ పలుమార్లు ఇస్తే రోజుల తరబడి ఉంటుంది. మొదటి సందర్భంలో సైనాప్స్ (రెండు న్యూరాన్లు కలిసే చోటు) దగ్గర అప్పటికే ఉన్న ప్రోటీన్లలో మార్పు వస్తుంది, అంతే. రెండో సందర్భంలో కబురు న్యూరాన్ కేంద్రకం దాకా వెళ్తుంది. క్రెబ్ అనే ప్రోటీన్ కొన్ని జన్యువులను ఆన్ చేస్తుంది, కొత్త ప్రోటీన్లు తయారవుతాయి, న్యూరాన్ల మధ్య కొత్త కనెక్షన్లు పుట్టుకొస్తాయి. ఆ ప్రోటీన్ల తయారీని మందుతో ఆపేస్తే తాత్కాలిక జ్ఞాపకం ఉంటుంది కానీ దీర్ఘకాలికం ఏర్పడదు. ఈ పనికే కాండెల్ 2000లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నారు. (పొద్దున్నుంచి రాత్రి దాకా ఊపిరాడకుండా స్టడీ అవర్లు నడిపే కాలేజీలవాళ్లు ఆ విరామం సంగతి ఒక్కసారి చదివితే బాగుండు.)

అదే ఏడాది నాడర్, షేఫ్, లెడూ అనే ముగ్గురు ఎలుకల మీద చేసిన ప్రయోగం ఇంకా విచిత్రం. ఒక శబ్దానికీ షాక్‌కూ ముడిపెట్టి వాటికి భయం నేర్పారు. మర్నాడు ఆ శబ్దం మళ్లీ వినిపించి, వెంటనే మెదడులో భయాన్ని చూసుకునే అమిగ్డలా అనే భాగంలోకి ప్రోటీన్ల తయారీని ఆపే మందు ఎక్కిస్తే ఆ భయం పోయింది. శబ్దం వినిపించకుండా మందొక్కటే ఎక్కిస్తే భయం చెక్కుచెదరలేదు. అంటే గుర్తు చేసుకున్నప్పుడల్లా జ్ఞాపకం కాసేపు మెత్తబడి, మళ్లీ గట్టిపడాల్సి వస్తుందన్నమాట. ప్రమాదాలూ యుద్ధాలూ చూసినవాళ్లను పీడించే భయాలకు దీంతో చికిత్స చేయొచ్చా అని ప్రయత్నాలు సాగుతున్నాయి. ఖాయమైన మందు ఇంకా లేదు.

ఇప్పుడు అమ్మాయికి ఒక కథ చెప్పండి. ప్రోటీన్లు రోజుల్లోనో వారాల్లోనో విరిగిపోతాయి. మరి చిన్ననాటి సంగతి డెబ్బై ఏళ్లదాకా ఎలా నిలుస్తుంది? టాడ్ సాక్టర్ అనే శాస్త్రవేత్త బృందం పీకేఎం జీటా అనే ఎంజైమ్ వైపు వేలు చూపించింది. దాన్ని అడ్డుకునే పదార్థాన్ని ఎక్కిస్తే ఎలుకలు నేర్చుకున్నది మరిచిపోయాయని 2006లో చూపించింది. 2013లో వేరే రెండు ల్యాబులు అసలు ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువే లేని ఎలుకలను తయారుచేస్తే, వాటి జ్ఞాపకశక్తి మామూలుగానే ఉంది! సిద్ధాంతం కూలినట్టే అనుకున్నారు. ఆ జన్యువు లేనప్పుడు దాని దగ్గరి బంధువైన మరో ఎంజైమ్ ఆ పని అందుకుంటోందని తర్వాత తేలింది. 2024లో మరో మెట్టు: కిబ్రా అనే ప్రోటీన్ ఈ ఎంజైమ్‌ను సైనాప్స్ దగ్గర పట్టి ఉంచుతోందట. పెంకుటింటి పెంకులు ఒక్కొక్కటీ మారుస్తూపోయినా ఇల్లు అదే ఉన్నట్టు, అణువులు మారుతున్నా ఆ కట్టు నిలుస్తోందని వాళ్ల వాదన.

పద్దెనిమిదేళ్లు ఒకే ప్రశ్న! ఇది విని "ఇంతకీ ఏది కరెక్ట్?" అని విసుక్కుంటే డాక్టర్ చదువే నయం. "మరి ఆ రెండో ఎంజైమ్‌ను కూడా తీసేస్తే?" అని అడిగితే మాత్రం మీరు అడ్డు చెప్పకండి.

ఇక చదువు. నీట్ మానాల్సిన పనిలేదు, దాంతోపాటు కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థలైన ఐసర్‌ల ఆప్టిట్యూడ్ టెస్ట్ రాయించండి. తిరుపతితో కలిపి దేశంలో 7 ఐసర్లున్నాయి, కోర్సు ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. బైపీసీ వాళ్లూ అర్హులే. చిక్కల్లా మ్యాథ్స్‌తోనే. 60 ప్రశ్నల్లో 15 ఇంటర్ స్థాయి మ్యాథ్స్ నుంచి వస్తాయి, తప్పుకు ఒక మార్కు పోతుంది. పదో తరగతితో లెక్కలకు దండం పెట్టేసిన పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు. ఇప్పటి నుంచీ రోజూ గంట కేటాయించాలి. సీటు వచ్చాక కూడా లెక్కలు తప్పవు.

అది రాకపోతే మంచి కాలేజీలో బయోకెమిస్ట్రీ ఉన్న మామూలు బీఎస్సీ చాలు. పేరులో న్యూరోసైన్స్ ఉందని లక్షలు పోసి డిగ్రీ కొనొద్దు. పీజీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్స్ ఉంది. పీహెచ్‌డీకి బెంగళూరులో ఎన్‌సీబీఎస్ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ), ఐఐఎస్సీ, హర్యానా మానేసర్‌లో నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ ముఖ్యమైనవి.

డబ్బు సంగతీ దాచను. పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీ ముగిసేసరికి అమ్మాయికి 28, 29 ఏళ్లు వస్తాయి. అప్పుడు మొదలయ్యే పెళ్లి టెన్షన్ ఏదో ఇప్పుడే మాట్లాడేసుకోండి. అందరికీ ప్రొఫెసర్ ఉద్యోగాలు రావు. చాలామంది ఫార్మా కంపెనీలకో, డేటా అనాలిసిస్‌కో వెళ్తారు. అందుకే డిగ్రీలోనే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమంటాను.

నీట్‌లో కన్వీనర్ కోటా సీటు వస్తే వదలొద్దు. కాండెల్ కూడా మెడిసిన్ చదివి సైకియాట్రీ చేసినవారే, ఆ దారిలోనూ ల్యాబ్‌కు చేరొచ్చు. మేనేజ్‌మెంట్ సీటుకు పొలం అమ్మే ఆలోచన మాత్రం మానుకోండి.

మరో మాట. మీరు ఓబీసీ లేదా ఈడబ్ల్యూఎస్ కిందికి వస్తే కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో సర్టిఫికెట్ కావాలి. ఎప్‌సెట్‌కు (పాత ఎంసెట్) తీసుకున్న రాష్ట్ర సర్టిఫికెట్ ఐసర్‌లో చెల్లదు. మీసేవలో ముందే అప్లై చేసి పెట్టుకోండి.