ధైర్యం చూపిన పిల్లల కోసం పాటలు, వాటి డబ్బు సేవకు: నిజంగా జరిగిందా?

అచ్చంగా అలాగే కాకపోయినా, జరిగింది. నాకు వెంటనే గుర్తొచ్చేది అమెరికాలోని ఇండియానాకు చెందిన రయాన్ వైట్.

రయాన్‌కు హీమోఫీలియా, అంటే రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు. దానికి వాడిన రక్తపు మందు కలుషితం కావడంతో హెచ్ఐవీ సోకింది. 1984 డిసెంబరులో, 13 ఏళ్లకు, ఎయిడ్స్ అని తేలింది. స్కూల్లోకి రానివ్వలేదు. కొన్నాళ్లు ఇంట్లోనే ఫోన్‌లో పాఠాలు విన్నాడు! కోర్టుల్లో పోరాడి 1986లో మళ్లీ బడికి వెళ్లాడు. పక్కన కూర్చుంటే, చెయ్యి కలిపితే ఈ జబ్బు అంటుకోదని దేశమంతా తిరిగి చెప్పాడు. పెద్దలు భయపడి దూరం జరిగిన చోట ఒక పిల్లవాడు నిలబడ్డాడు. అది తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

1990 ఏప్రిల్ 8న, 18 ఏళ్లకే చనిపోయాడు. గాయకుడు ఎల్టన్ జాన్ ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో ఆ కుటుంబానికి తోడుగా ఉన్నాడు, అంత్యక్రియల్లో పాడాడు. అదే ఏడాది బ్రిటన్‌లో మళ్లీ విడుదలైన ఆయన పాట 'సాక్రిఫైస్' నంబర్ వన్ అయింది. ఆ రాబడిని ఎయిడ్స్ సేవాసంస్థలకు ఇచ్చాడు. ఆ పాట రయాన్ గురించి రాసింది కాదు. కానీ తన జీవితాన్ని మార్చింది రయానేనని ఎల్టన్ చాలాసార్లు చెప్పాడు. 1992లో ఎయిడ్స్ ఫౌండేషన్ కూడా పెట్టాడు. నేరుగా రయాన్‌కు అంకితమైన పాట మైకేల్ జాక్సన్ 'గాన్ టూ సూన్'.

హెచ్ఐవీ రోగుల వైద్యానికి నిధులిచ్చేలా 1990 ఆగస్టులో వచ్చిన అమెరికా చట్టానికి రయాన్ పేరే పెట్టారు. చికిత్స ఖర్చు భరించలేని హెచ్ఐవీ రోగులకు ఆ నిధులతో నేటికీ వైద్యం అందుతోంది.