ఛానళ్ళు తగ్గించినా కేబుల్ బిల్లు తగ్గలేదా? ముందు కనెక్షన్ల లెక్క చూడండి

విశాఖపట్నం మర్రిపాలెంలో ఉంటున్నామని, రెండు టీవీలకు కలిపి నెలకు ఐదువందలకు పైగా కేబుల్‌కు కడుతున్నామని, మామగారు చూసే క్రికెట్ తప్ప ఇంట్లో ఎవరూ లైవ్ ఛానళ్ళు పెట్టడం లేదని మీరు రాశారు. రెండేళ్ళ క్రితం సీతమ్మధారలో మా ఇంటి పరిస్థితి కూడా అచ్చంగా ఇదే. కాకపోతే మీకు క్రికెట్ ఉన్న చోట మాకు మా అత్తగారి సీరియల్ ఉండేది.

నేను మొదట చేసిన పొరపాటు, చూడని ఛానళ్ళను ఒక్కొక్కటిగా తీసేయించడం. రెండు నెలలు అదే పనిగా చేసినా బిల్లు అరవై రూపాయలు కూడా తగ్గలేదు. అప్పుడు రసీదు దగ్గర పెట్టుకుని చదివితే అసలు సంగతి తెలిసింది. మనం కట్టే దానిలో ఛానళ్ళ ధర ఒక భాగం మాత్రమే. డబ్బు కట్టి చూసే పే ఛానల్ ఒక్కటి లేకపోయినా కట్టవలసిన నెట్‌వర్క్ రుసుము, అంటే ఎన్‌సీఎఫ్, వేరుగా ఉంటుంది. మా ఆపరేటర్ దానికి 130 రూపాయలు తీసుకునేవారు, 18 శాతం జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు అయ్యేది. ఈ రుసుముపై ఉన్న పరిమితిని టెలికాం, కేబుల్ రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 జూలైలో ఎత్తివేసింది కనుక మీ దగ్గర ఎంత వేస్తున్నారో మీ రసీదులోనే చూసుకోవాలి. రెండవ టీవీకి కూడా ఈ రుసుములో కొంత భాగం పడుతుంది, దాని మీద మళ్ళీ ఛానళ్ళ ప్యాక్ పడుతుంది. మీ ఖర్చులో పెద్ద ముక్క బహుశా అక్కడే ఉంది.

పాత క్యాలెండర్ కాగితం ఒకటి వెనక్కి తిప్పి ఫ్రిజ్‌కు అంటించి, ఎవరు ఏ టీవీలో ఏమి చూశారో మూడు వారాల పాటు రాయించాను. పడకగది టీవీ ఆ 21 రోజుల్లో ఒక్కసారే వెలిగింది, అదీ చుట్టాల పిల్లలు వచ్చినప్పుడు. హాల్లో రాత్రి ఒక ఇరవై నిమిషాలు వార్తలు, మధ్యాహ్నం 12 గంటలకు అత్తగారికి ఎస్వీబీసీలో శ్రీవారి కల్యాణోత్సవం, సాయంత్రం ఒక సీరియల్. ఇంతే.

పడకగది కనెక్షన్‌ను ఆ నెలే తీసేయించాము. తరువాత ప్యాక్ వద్దు, రెండు పే ఛానళ్ళు విడిగా చాలని అడిగితే, డబ్బు వసూలుకు వచ్చిన అబ్బాయి "అలా ఇవ్వడం కుదరదమ్మా, ప్యాక్ అంతే" అన్నాడు. కుదురుతుంది. 2019లో అమలులోకి వచ్చిన ట్రాయ్ నిబంధనల ప్రకారం ఛానళ్ళను విడివిడిగా ఎంచుకునే హక్కు వినియోగదారునికి ఉంది. కావలసిన ఛానళ్ళ పేర్లు రాసి వారి కస్టమర్ కేర్‌కు పంపిన వారానికి మార్చారు. ఒక్కొక్కటి 19 రూపాయల ఛానళ్ళు రెండు, పన్ను, నెట్‌వర్క్ రుసుము కలిపి 198 రూపాయల చిల్లర వచ్చింది. అంతకు ముందు 540 కట్టేవాళ్ళం.

నాలుగు నెలల తరువాత ఆ 198 కూడా ఎందుకని కేబుల్ పూర్తిగా మానేశాము. తెలుగు వార్తా ఛానళ్ళు చాలావరకు యూట్యూబ్‌లో లైవ్‌గా ఉచితంగా వస్తాయి, ఎస్వీబీసీ కూడా వస్తుంది. సీరియల్‌కు ఆ ఛానల్ వారి యాప్ ఉంది. మా అత్తగారికి నచ్చనిది యాప్ కాదు, కొత్త రిమోట్. "ఇన్ని మీటలలో ఏది నొక్కాలే?" అని మొదటి వారం విసుక్కున్నారు. ఓకే మీట మీద ఎర్ర బొట్టుబిళ్ళ, వెనక్కి వెళ్ళే మీట మీద ఆకుపచ్చ బొట్టుబిళ్ళ అంటించి ఇచ్చాను. ఆ తరువాత నన్ను పిలవలేదు. మావారి ఉద్యోగం కోసం బ్రాడ్‌బ్యాండ్ ముందే ఉంది కనుక దాన్ని ఈ ఖర్చులో కలపలేదు. మీకు లేకపోతే, టీవీ కోసమే దాన్ని పెట్టించుకుంటే మిగిలేది ఏమీ ఉండదు.

మీ మామగారి క్రికెట్‌కు డీడీ ఫ్రీ డిష్, అంటే దూరదర్శన్ వారి ఉచిత డిష్ సేవ, సరిపోతుంది. డిష్‌కు, సెట్‌టాప్ పెట్టెకు కలిపి ఒక్కసారి పదిహేనువందల నుంచి రెండువేల దాకా అవుతుంది, నెలసరి రుసుము లేదు. 2007 నాటి చట్టం ప్రకారం భారత పురుషుల జట్టు ఆడే అధికారిక వన్డేలు, టీ20ల ప్రసారాన్ని ప్రైవేటు సంస్థలు దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతితో పంచుకోవాలి. ఆ ప్రసారాన్ని దూరదర్శన్ తన సొంత ట్రాన్స్‌మిటర్ల ద్వారా, ఫ్రీ డిష్ ద్వారా మాత్రమే ఇవ్వాలని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది కనుక, అదే దూరదర్శన్ ఛానల్‌ను కేబుల్‌లో పెడితే ఆ మ్యాచ్ రాకపోవచ్చు. ఐపీఎల్ మాత్రం ఈ జాబితాలో లేదు. ఆ విషయం ఆయనకు ముందే చెప్పండి. తెలుగు ప్రైవేటు వినోద ఛానళ్ళ కోసమైతే ఫ్రీ డిష్‌ను నమ్ముకోకండి. పెట్టె ఎంపెగ్-4 రకం అడగండి, పాత ఎంపెగ్-2 పెట్టెలో కొన్ని ఛానళ్ళు రావు.

గాజువాకలో మా తమ్ముడి మేడ మీద దీన్ని బిగిస్తున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంటుంది కనుక మన ఊళ్ళో డిష్ ముఖం దక్షిణానికి కాస్త తూర్పుగా, అంటే సముద్రం వైపు ఉండాలి. పైన మెకానిక్ వేలెడంత తిప్పడం, కింద నుంచి మా మేనల్లుడు "వచ్చింది... పోయింది" అని అరవడం గంటసేపు సాగింది. ఉప్పుగాలికి మామూలు బోల్టులు ఏడాదిలోనే తుప్పు పట్టాయి, స్టీలువి వేయించుకోండి.

ఇక ఓటీటీలు. కేబుల్ మానేసిన ఉత్సాహంలో మేము మూడు యాప్‌లకు డబ్బు కట్టాము, మిగిలిందంతా అటే పోయింది. ఇప్పుడు ఒక నెలకు ఒక్కటే తీసుకుంటున్నాము, కట్టిన రోజే యూపీఐలో ఆటోపే రద్దు చేస్తున్నాము. మొబైల్ రీచార్జ్‌తో ఉచితంగా వచ్చేవి ఏమున్నాయో కూడా చూసుకోండి; మా వాటిలో ఒకటి అలా ముందే ఉంది, మేము దానికి విడిగా కూడా కట్టాము.

మీరైతే ఈ నెల గడువు తేదీకి ముందే రెండవ టీవీ కనెక్షన్‌ను తీసేయించండి, పెట్టె తిరిగి ఇస్తే రసీదు తీసుకోండి. ఫ్రీ డిష్ బిగించాక మొదటి కనెక్షన్‌ను మాత్రం వెంటనే వదులుకోకండి. గట్టి వానలో సిగ్నల్ కాసేపు పోవడం మామూలే, ఎంతసేపు పోతోందో ఒక పెద్ద వానకు చూసుకుని, మామగారు సరేనన్నాకే కేబుల్ అబ్బాయికి కబురు పెట్టండి.