డబ్బాలోని కార్డులు రేపు ఎవరి చేతికి?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఇంట్ల మూడు తరాల సేకరణ ఉంది. మా నాయన కూడబెట్టిన అగ్గిపెట్టె పటాలు రెండు వందల దాక ఉంటయి. నా చిన్నప్పటి క్రికెట్ కార్డులు, రెజ్లింగ్ ట్రంప్ కార్డులు ఉన్నయి. ఇప్పుడు మా పిల్లగాని పోకెమాన్ కార్టూన్ కార్డులు తోడైనయి. అన్నీ ఒక్క బిస్కెట్ డబ్బాల పెట్టినం. మనుమల కాలం దాక నిలుస్తయా? అప్పటికి వీటిని ఎవరన్న అడుగుతరా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: ముందు ఆ డబ్బా ఖాళీ చేయండి. అన్నీ కలిపి పెట్టడమే వాటికి పెద్ద ముప్పు. అగ్గిపెట్టె పక్కన గీసే పట్టీలో ఎర్ర భాస్వరం ఉంటుంది. అది ఏళ్ల తరబడి గాలిలోని తేమ పీల్చుకుని మెల్లగా ఆమ్లమవుతుంది, తనకు ఆనుకున్న కాగితాన్ని పాడు చేస్తుంది. పెట్టెల్లో పుల్లలు మిగిలి ఉంటే ఈరోజే తీసేయండి.

చెక్కపెట్టె మీద అతికిన పటాన్ని గోటితో గీకొద్దు. దూదిపుల్ల తడిపి పటం మూల మీద అద్ది చూడండి. రంగు అంటితే దాన్ని నానబెట్టకుండా పెట్టెతోనే దాచండి. అంటకపోతే వెడల్పు పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచితే జిగురు దానంతట అదే వదులుతుంది. ఊడివచ్చిన పటాన్ని రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, గంటకోసారి కాగితం మార్చి, తడి పోయాక ఒక రోజంతా పుస్తకాల బరువు కింద ఉంచండి. న్యూస్‌పేపర్ మధ్య పెడితే సిరా దిగుతుంది. ఆల్బమ్‌లో అతికించడానికి తపాలా బిళ్లలకు వాడే హింజ్‌లు (జిగురు పూసిన చిన్న కాగితపు పట్టీలు) గానీ, ఫొటోలకు వాడే మూలలు గానీ చాలు. ఫెవికాల్, సెల్లోటేప్ జోలికి పోవద్దు. టేపు జిగురు కొన్నేళ్లకు పసుపెక్కి కాగితంలోకి ఇంకుతుంది, దాన్ని మళ్లీ తీయలేం. లామినేషన్ అంతకన్నా నష్టం. వేడికి కరిగిన జిగురు బొమ్మతో ఏకమైపోతుంది.

కార్డుల సంగతి వేరు. ఒక్కో కార్డుకు ఒక్కో పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ తొడుగు వేయండి. పోకెమాన్ కార్డు కొలత 63×88 మిల్లీమీటర్లు, ఆ సైజు తొడుగులు ఆన్‌లైన్‌లో వందల లెక్కన దొరుకుతాయి. కొత్త రెగ్జిన్ వాసన వచ్చే మెత్తని కవర్లు పీవీసీవి. ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం బయటికి ఊరి, కార్డు మీది సిరా కవరుకు అంటుకుంటుంది. రబ్బరు బ్యాండు మొదట అంచులు నొక్కేస్తుంది, తర్వాత మన ఎండలకు కరిగి అతుక్కుంటుంది. పురుగు పట్టకుండా కలరా ఉండలు వేయడం అలవాటు, కానీ ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. దానికి బదులు ఎండిన వేపాకు బట్టలో మూటగట్టి, కార్డులకు తగలకుండా పెట్టండి. అటక మీద పెట్టొద్దు. స్లాబు వేడంతా అక్కడే ఉంటుంది. బీరువా మధ్య అర మంచిది. బీరువాను గోడకు రెండంగుళాలు ఎడంగా జరిపితే గోడ చెమ్మ, చెదల భయం రెండూ తగ్గుతాయి.

ఇక రేపు ఎవరైనా అడుగుతారా అన్నది. కార్డుల సేకరణ ఊపందుకుందే సిగరెట్ పెట్టె నలగకుండా లోపల పెట్టిన అట్టముక్కతో. ఇంగ్లండ్‌లో విల్స్ కంపెనీ 1896లో యాభై మంది క్రికెటర్ల బొమ్మలతో ఒక వరుస వేసింది. ఆ ఆటగాళ్ల ఆట చూసినవాళ్లు ఈరోజు ఒక్కరూ లేరు, అయినా ఆ వరుసను వెతికి కొనేవాళ్లున్నారు. ఎందుకంటే ఆ వరుసలో ఎన్ని ఉన్నాయో, ఎవరెవరు ఉన్నారో రాసి ఉంది. పేరు తెలిసిన బొమ్మనే తర్వాతి తరం అడుగుతుంది, వివరం లేని బొమ్మ చిత్తుకాగితాల్లోకి పోతుంది. కాబట్టి నాయనగారిని కూర్చోబెట్టి అడగండి. ఏ పటం ఏ ఊళ్లో దొరికింది, సుమారు ఏ సంవత్సరం, దానితో ఏ ఆట ఆడారు, ఎన్ని పటాలకు ఎన్ని మారకం ఇచ్చేవారు. మీ ట్రంప్ కార్డుల ఆట మీరే రాయండి. ర్యాంకులో చిన్న అంకె గెలుస్తుంది, ఎత్తు, బరువు, ఛాతీలో పెద్ద అంకె గెలుస్తుంది, ఓడినవాడు కార్డు ఇవ్వాలి. మీకు చెప్పనవసరం లేని సంగతే, మీ మనుమడికి మాత్రం ఇంకెవరూ చెప్పరు. పెన్నుతో కార్డు వెనక రాయకండి, వేరే చీటీ మీద పెన్సిల్‌తో రాసి తొడుగు వెనక పెట్టండి.

ప్రశ్న: కురుమూర్తి జాతరలో మా బాబు మారాం చేస్తే బంగారు రంగు పోకెమాన్ కార్డుల డబ్బా కొన్నాం. 55 కార్డులున్నాయి. ఒక్కోటి వేలల్లో పలుకుతుందని బడిలో పిల్లలు అంటున్నారట. నిజమేనా?
– ఒక తల్లి, మహబూబ్‌నగర్

జవాబు: కాదమ్మా. అవి అచ్చంగా నకిలీవి. ఒక్క డబ్బాలో 55 మెరుపు కార్డులు అసలు కంపెనీ ఇవ్వదు. అసలు ప్యాకెట్‌లో ఎక్కువ భాగం మామూలు కార్డులే ఉంటాయి, అరుదైనవి ఒకటో రెండో. మామూలు ప్యాకెట్లలో వచ్చేవి అట్ట కార్డులే. లోహపు కార్డులు వేయకపోలేదు గానీ అవి ఖరీదైన ప్రత్యేక పెట్టెల్లో ఒకటీ అరా వచ్చేవి.

ఇంట్లోనే పోల్చి చూసుకోవచ్చు. అసలుదని నమ్మకమున్న మామూలు కార్డు ఒకటి తెచ్చుకోండి. రెండిటినీ తిరగేసి పక్కపక్కన పెట్టండి. వెనక వైపు నీలం నకిలీదాంట్లో వెలిసినట్టో, ఊదా రంగు కలిసినట్టో ఉంటుంది. ముందు వైపు కింది అంచున చిన్న అక్షరాల్లో 4/102 లాంటి అంకె ఉండాలి. అంటే 102 కార్డుల వరుసలో నాలుగోది అని. ఆ అంకె 1999లో అమెరికాలో వచ్చిన తొలి వరుసలోని చారిజార్డ్ అనే పోకెమాన్‌ది. సంవత్సరాలుగా అందరూ చెప్పుకునేది దాని గురించే. అంకె పక్కన గుర్తు ఉంటుంది. సున్నా అయితే మామూలుది, వజ్రం ఆకారం అయితే కొంచెం తక్కువగా దొరికేది, నక్షత్రం అయితే అరుదు. చాలా నకిలీల్లో అంకె ఉండదు, లేదా డబ్బా అంతటికీ ఒకటే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: మొదటి అంకె రెండోదాని కన్నా పెద్దదిగా ఉంటే నకిలీ అనుకోవద్దు, వరుసకు మించి దాచి వేసే అరుదైన కార్డులకు అలాగే అంకె వేస్తారు. అట్ట కార్డు మీద అనుమానమైతే వెనక ఫోన్ టార్చి పెట్టండి. అసలుదాని అట్ట మధ్యలో సన్నని నల్లటి పొర ఉంటుంది కాబట్టి వెలుతురు మసకగా వస్తుంది. నకిలీది చాలాసార్లు పలుచని కాగితంలా వెలిగిపోతుంది.

బాబు దగ్గర్నించి లాక్కోవద్దు. ఆడుకోనివ్వండి. అయితే ఇవి నకిలీవని వాడికి తెలియాలి, బడిలో అసలు కార్డుకు మారకంగా ఇవ్వకూడదని గట్టిగా చెప్పాలి. పదేళ్ల పిల్లల మధ్య స్నేహాలు చెడేది ఇక్కడే.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. నా మెరుపు కార్డులు ఎండాకాలంలో ఒకవైపు, వానాకాలంలో ఇంకోవైపు వంగుతున్నాయి. ఇస్త్రీ చేయొచ్చా?
– ఒక విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: వద్దు బిడ్డా. వేడికి మెరుపు పొర బుడగలు లేస్తుంది. నువ్వు గమనించింది మాత్రం చాలా మంచి విషయం. కార్డు ముందు వైపు మెరుపు పొర ప్లాస్టిక్, అది తేమ తాగదు. వెనక అట్ట తాగుతుంది. వానాకాలం అట్ట ఉబ్బి సాగుతుంది, మెరుపు పొర సాగదు, అందుకే బొమ్మ పైకి పెట్టి చూస్తే అంచులు పైకి లేచి గిన్నెలా అవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అట్ట ఎండి కుంచించుకుపోతుంది, అప్పుడు బొమ్మ వైపు వీపులా ఉబ్బుతుంది.

మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా, అందులో పెట్టే చిన్న తేమ మీటరు సంపాదించు. మీటరు 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. గిన్నెలా వంగితే సిలికా జెల్ పొట్లాలు వెయ్యి. వీపులా ఉబ్బితే తడి గుడ్డను రంధ్రాల మూత ఉన్న చిన్న డబ్బీలో పెట్టి ఒక మూలన ఉంచు, కార్డులకు తడి తగలొద్దు. రెండు మూడు రోజుల్లో చదునవుతాయి. ఆ తర్వాతే తొడుగు వేసి వారం రోజులు పుస్తకాల కింద పెట్టు. తేమ సరిచేయకుండా బరువు పెడితే, తీసిన మర్నాడే మళ్లీ వంగుతాయి. సిలికా జెల్ మరీ ఎక్కువ వేస్తే అతిగా ఎండి రెండో వైపు వంకర తిరుగుతాయి, అందుకే మీటరు చూస్తూ ఉండాలి.

ప్రశ్న: బిడ్డ పేరు మీద బంగారం కొన్నట్టే కార్డుల సీల్డ్ బాక్సులు కొని ఇరవై ఏళ్లు పెడితే లాభమేనా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: బంగారంతో పోల్చకండి. బంగారం కరిగించినా బంగారమే, కార్డుకు అడిగే మనిషి కావాలి. అమెరికాలో టాప్స్ కంపెనీ 1952లో వేసిన బేస్‌బాల్ వరుసలోని మికీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు ఒకటి 2022 వేలంలో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. అమ్ముడుపోని ఆ వరుస కార్డుల పెట్టెలను 1960లో కంపెనీయే పడవకెత్తి సముద్రంలో పారేయించింది. మిగిలినవాటిలో చాలావరకు పిల్లలు ఆడి చింపేశారు. ఆ ధర అలా పుట్టింది. 1980ల చివర, 90ల మొదట్లో పాత కార్డుల ధరలు పెరగడం చూసి జనం పెట్టెలకు పెట్టెలు కొని దాచారు, కంపెనీలు కూడా లెక్కలేకుండా అచ్చువేశాయి. ముప్పై ఏళ్ల తర్వాత ఆ పెట్టెల్లో చాలావాటికి అడిగేవాడు లేడు. అందరూ భద్రంగా దాచింది అరుదు ఎలా అవుతుంది? బిడ్డ చదువు డబ్బు ఇందులో పెట్టొద్దు. నెలకు ఇంత అని ఖర్చు కింద రాసుకుని, బిడ్డతో కలిసి విప్పి చూసుకునేవి కొనండి.

ప్రశ్న: ఫోన్‌లోనే కార్డులు వస్తున్నప్పుడు అట్ట కార్డులు ఎందుకు?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: ఆటకైతే ఫోన్ చాలు. తర్వాతి తరానికి ఇవ్వడానికి చాలదు. పోకెమాన్ కార్డుల ఆన్‌లైన్ ఆట ఒకటి 2011 నుంచి నడిచి 2023 జూన్‌లో మూతపడింది. ఆడేవాళ్ల కార్డులు కొత్త ఆటలోకి మారాయి గానీ, పాతదాంట్లో ఉన్న ఒకరికొకరు మార్చుకునే వీలు కొత్తదాంట్లో లేదు. సర్వర్ ఎవరిదో నిర్ణయం వారిదే.

ప్రశ్న: మా ఉన్నత పాఠశాల పిల్లలతో మన జిల్లాల కార్డులు తయారు చేయించాలని ఉంది. కంప్యూటర్ ప్రింట్ తీస్తే పలుచగా, వంకరగా వచ్చాయి. ఎలా చేయాలి?
– ఒక ఉపాధ్యాయుడు, వనపర్తి

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మాకు ఎక్కువ సంతోషం కలిగించింది ఇదే, సార్. ఇంట్లో ప్రింటర్ మీద ప్రయత్నించకండి. 12×18 అంగుళాల షీటు వేసే డిజిటల్ ప్రెస్‌కు వెళ్లి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) ఆర్ట్ కార్డు అడగండి. కార్డు 63×88 మిల్లీమీటర్లు, కోతకు నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు వదిలితే 69×94 అవుతుంది. కార్డును అడ్డంగా తిప్పి, షీటు వెడల్పులో మూడు, పొడవులో ఆరు పేరిస్తే షీటుకు 18 వస్తాయి. 54 కార్డుల వరుసకు మూడు షీట్లు. ముప్పై మంది పిల్లలకు 90 షీట్లు.

మీ కార్డులు వంగడానికి కారణం ఒకవైపే లామినేషన్ చేయించడం అయి ఉంటుంది. పైన మిర్యాలగూడ విద్యార్థికి చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది. రెండు వైపులా మ్యాట్ లామినేషన్ చేయించండి, లేదా అసలే వద్దనండి. ముందు వెనక అచ్చు ఒకటి రెండు మిల్లీమీటర్లు తప్పడం మామూలే. అందుకని వెనక వైపు సన్నని తెల్ల అంచు పెట్టకండి, రంగు అంచు దాకా పోనివ్వండి. కోయించేటప్పుడు ప్రెస్ వాళ్లు షీట్ల దొంతరను ఒకేసారి కోస్తారు కాబట్టి ఒకే బొమ్మవి ముప్పై ఒకచోట వస్తాయి. బల్ల మీద 54 దొంతరలు పేర్చి, పిల్లలు వరుసగా నడుస్తూ ఒక్కోటి తీసుకుంటే సెట్లు తయారవుతాయి. మూలలు గుండ్రం చేయడానికి 3 మిల్లీమీటర్ల కార్నర్ కట్టర్ కొనండి, పిల్లలే చేస్తారు.

అంకెలు పోల్చే ఆట ఉంటేనే కార్డు జేబులోంచి బయటికొస్తుంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చెట్టును, ఆలంపురం నవబ్రహ్మ ఆలయాలను, పానగల్లు ఛాయా సోమేశ్వరాన్ని ఒకదానితో ఒకటి పోల్చలేం, వాటిని బొమ్మ కార్డులుగా పెట్టండి. ఆటకు ప్రాజెక్టులు తీసుకోండి: నాగార్జునసాగర్, జూరాల, డిండి, మూసీ, కోయిల్‌సాగర్. గేట్ల సంఖ్య, శంకుస్థాపన సంవత్సరం, ఎత్తు. సాగర్‌కు 26 గేట్లు, శంకుస్థాపన 1955 డిసెంబర్ 10. మిగతావి పిల్లలనే వెళ్లి నీటిపారుదల శాఖ బోర్డుల మీద చూసి రాసుకురమ్మనండి. చేనేతకు గద్వాల, పోచంపల్లి రెండూ ఉండాలి. సంప్రదాయ గద్వాల చీర ఒళ్లంతా నూలు, అంచు, కొంగు పట్టు అన్న ఒక్క వాక్యం కార్డు వెనక సరిపోతుంది.

ప్రతి కార్డు మీద 1/54, 2/54 అని అంకె, అచ్చువేసిన సంవత్సరం, తయారుచేసిన తరగతి తప్పక ఉండాలి. కోయని షీట్లు మూడు, ఒక్కో రకానికి ఒకటి, అదనంగా వేయించండి. చుట్ట చుట్టకుండా పరిచి, రెండు అట్టల మధ్య పెట్టి బడి గ్రంథాలయం బీరువాలో దాచండి.