చామంతులూ, గుమ్మం లైటూ

బుజ్జీ,

డాబా మీద 4 కుండీలతో మొదలుపెట్టిన దానివి 40కి వచ్చావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విన్న దగ్గర్నుంచి ఒకటే సంబరం, దాంతోపాటే టెన్షన్.

ముందు టెన్షన్ సంగతి. పిట్టగోడ మీద ఒక్క కుండీ కూడా పెట్టకు. గాలి వస్తే కింద ఎవరి నెత్తిన పడుతుందో! 10 లీటర్ల మట్టి తడిసిందంటే దగ్గర దగ్గర 15 కిలోలు తూగుతుంది. పెద్ద కుండీలన్నీ ఒకేచోట పోగెయ్యకు, కింద దూలమో గోడో ఉన్న చోట సర్దు. నవ్వకు, రేపే చెయ్యి.

మిగతావి నీకు తెలిసినవే. కుండీకి అడుగున చిల్లు ఉండాలి. వేలు గుచ్చి చూసి, మట్టి ఆరితేనే నీళ్ళు పొయ్యాలి. పచ్చి పేడ వద్దు, వేళ్ళు మాడతాయి. గులాబీకి అంటు కింద మొలిచే కొమ్మ ఎంత ఏపుగా ఉన్నా తీసెయ్యాలి.

చామంతి సంగతి మాత్రం నేను చెప్పాల్సిందే. ఒక ఏడాది గుమ్మం ముందు వరసగా చామంతులు పెట్టాను. ఆకులు నిగనిగలాడుతున్నాయి, మొగ్గ మాత్రం లేదు. బలం చాల్లేదనుకుని యూరియా వేశాను. ఇంకా ఆకులే! మళ్ళీ వేశాను. యూరియాలో ఉండే నత్రజని ఎక్కువైతే ఆకే తప్ప పువ్వు రాదని అప్పట్లో నాకేం తెలుసు? చివరికి మొక్కల్ని తిట్టడం కూడా అయింది. చూస్తే, స్తంభం చాటున పడేసిన ఒక బక్క మొక్క, నేను సరిగ్గా నీళ్ళైనా పొయ్యనిది, నిండా మొగ్గ తొడిగింది.

తేడా ఏమిటో తెలియడానికి చాలా రోజులు పట్టింది. చామంతికి రాత్రి పొడవుగా, చీకటిగా ఉంటేనే మొగ్గ కడుతుంది. మధ్యలో దీపం వెలుగు పడితే దానికి ఇంకా పగళ్ళు పొడవుగా ఉన్నట్టే లెక్క. నేనేమో గుమ్మం లైటు తెల్లవార్లూ ఉంచేదాన్ని. ఆ వెలుగు పడనిది స్తంభం వెనకే.

ఆ లైటు మీ అమ్మ కోసమే. అప్పుడు దానికి డ్యూటీ దిగి వచ్చేసరికి బాగా పొద్దుపోయేది. వచ్చాక కూడా ఆర్పడానికి నాకు మనసొప్పేది కాదు, ఎందుకో. కారణం తెలిశాక కూడా లైటు ఆర్పలేదు. కుండీలన్నీ ఒక్కదాన్నే ఈడ్చుకుంటూ పెరట్లోకి మార్చాను. నడుం పట్టేసి 2 రోజులు లేవలేదు. నువ్వు ఆ పని చెయ్యకు, ఎవర్నైనా సాయం పిలువు.

డాబా మీద రాత్రి లైటు వేస్తున్నావా? చామంతులు ఆ వైపు ఉన్నాయేమో చూడు.

ఇక్కడ పూత అయిపోవస్తోంది. చామంతుల మొదళ్ళ దగ్గర పిలకలు వస్తాయి, వేళ్ళతో సహా తీసి నీకోసం ఉంచుతాను. మీ అమ్మతో పంపను, నువ్వే రా. రాత్రయినా ఫరవాలేదు, గుమ్మం లైటు వెలుగుతూనే ఉంటుంది.

మీ పెద్దమ్మ