వెలుగు పడ్డ నాఫ్తాల్ ఆమ్లత్వాన్ని కొలిచే ముందు

చిరంజీవి కావ్యకు, మామయ్య ఆశీస్సులు.

ప్రాజెక్టుకు 2-నాఫ్తాల్ తీసుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమనిపించింది. మామూలుగా దాని పీకేఏ (ఇది ఎంత తక్కువైతే ఆమ్లం అంత బలమైనది) 9.5 దగ్గర ఉంటుంది, అంటే ఫినాల్ లాంటి బలహీన ఆమ్లమే. అతినీలలోహిత కాంతిని పీల్చుకున్న అణువుకు అది 2.8కి పడిపోతుంది. ఎసిటిక్ ఆమ్లం కూడా దాని ముందు బలహీనమే! అలా కాంతిని పీల్చుకున్న ఉత్తేజిత స్థితిలో ఆక్సిజన్ మీది ఎలక్ట్రాన్ సాంద్రత కొంత అణువులోని కార్బన్ వలయాల వైపు జరిగి, ప్రోటాన్ మీద పట్టు సడలుతుంది.

పీహెచ్ మీటర్‌లో ఈ మార్పు కోసం వెతకకు. ఉత్తేజిత అణువు బతికేది కొన్ని నానోసెకన్లే. దాని సంగతి చెప్పగలిగేది ఫ్లోరెసెన్సే, అంటే అది తిరిగి వెదజల్లే వెలుగే. ప్రోటాన్ ఉన్న అణువు 355 నానోమీటర్ల దగ్గర, పోగొట్టుకున్న అయాన్ 420 దగ్గర వెలుగునిస్తాయి. పీహెచ్ 6 ద్రావణం తీసుకుని ముందు శోషణ స్పెక్ట్రం (ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూపే గ్రాఫు) చూడు, అందులో అయాన్ జాడ ఉండదు. అదే ద్రావణం ఫ్లోరెసెన్స్‌లో 420 శిఖరం కనిపిస్తుంది. ఆ అయాన్లన్నీ కాంతి పడ్డాక పుట్టినవే. లెక్కలకు వెళ్లకముందే ఇది చూడాలి.

చాలామంది తడబడేది ఇక్కడే. రెండు శిఖరాలూ కనిపించాయి కదా అని ఆ నిష్పత్తి నుంచే పీకేఏ తీసేస్తారు. నీటిలో ప్రోటాన్ విడిపోవడానికి పట్టే కాలం, అణువు వెలుగునిచ్చి చల్లబడే కాలం దాదాపు సమానం. అందుకే రెండూ కనిపిస్తాయి. సమతాస్థితి వచ్చి కాదు. సుమారు పీహెచ్ 4 నుంచి 8 వరకు ఆ నిష్పత్తి పెద్దగా మారదు కూడా. అసలు మార్పు ఆమ్లం వైపు, 2, 3 దగ్గర వస్తుంది. రీడింగులు అక్కడ దగ్గరదగ్గరగా తీసుకో.

బఫర్లు (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణాలు) వద్దమ్మా. అలవాటు కొద్దీ ఎసిటేట్ పోస్తే అదే ప్రోటాన్‌ను లాక్కుని 420 శిఖరాన్ని పెంచేస్తుంది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్ చాలు. సెల్ క్వార్ట్జ్‌దే తీసుకో. కళ్లజోడు మరిచిపోకు.

సరిచూసుకోవడానికి ఫోర్‌స్టర్ చక్రం వాడు, అది స్పెక్ట్రం శక్తుల నుంచి పీకేఏ మార్పును లెక్కగట్టే పద్ధతి. ఆమ్లానికీ అయాన్‌కీ ఉత్తేజ శక్తుల తేడాను వేవ్‌నంబర్లలో (సెం.మీ⁻¹) తీసుకుని, 25 డిగ్రీల దగ్గరైతే 0.0021తో గుణిస్తే పీకేఏ ఎంత తగ్గిందో వస్తుంది. పీహెచ్ మారుస్తూ తీసిన ఫ్లోరెసెన్స్ రీడింగులతో వచ్చిన విలువకు ఇది కాస్త అటూఇటూగా ఉంటే కంగారు పడకు, స్పెక్ట్రం నుంచి ఆ శక్తులను తీయడంలోనే కొంత ఉజ్జాయింపు ఉంటుంది. గ్రాఫులు వచ్చాక నాకు పంపు, కూర్చుని చూద్దాం.

మీ మామయ్య