పల్లి చేను దగ్గర మొదలుపెట్టు

తార్నాక, హైదరాబాద్
ఆదివారం

అమ్మాయీ,

నీ వ్యాసం, దాంతోపాటు పెట్టిన ఉత్తరం అందాయి. వ్యాసం రెండుసార్లు చదివాను, ఉత్తరం నాలుగుసార్లు. మొక్క కణం తన పైపొరలో ఉన్న ప్రోటీన్లను ఎలా అదుపులో పెట్టుకుంటుందో తెలుగులో చెప్పడానికి పూనుకున్నావు. ఇలాంటి పని తలకెత్తుకునేవాళ్లు తక్కువ. నువ్వు దీన్ని వదిలేయకూడదని నా కోరిక. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

వ్యాసంలో "క్రమబద్ధీకరిస్తుంది" అన్న మాట పదిహేనుసార్లు వచ్చింది. పెన్సిల్‌తో గీతలు పెట్టి లెక్కేశాను. ఆ మాటలో తప్పేం లేదు, పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. కానీ అది చదివాక కణం ఏం చేసిందో నాకు కనబడలేదు. ప్రోటీన్‌ను కొత్తగా తయారు చేసిందా? పొరలో ఒక పక్కకే చేర్చిందా? ఉన్నచోటే ఉంచి మూసేసిందా? లోపలికి లాక్కుని ముక్కలు చేసిందా? ఇవన్నీ వేర్వేరు పనులు. ఏ పని జరిగిందో ఆ క్రియాపదమే వాడు.

మొన్నటి వానకి మా బాల్కనీలో బంతి కుండీ అడుగున చిల్లు పూడిపోయి రెండు రోజులు నీళ్లు నిలిచాయి. మట్టి నిండా తడే, ఆకులు మాత్రం వాడి వేలాడాయి. నీళ్లలో మునిగిన వేర్లకు గాలి అందక కణం లోపల ఆమ్లత పెరుగుతుంది. నీటికి దారి ఇచ్చే ఆక్వాపోరిన్లనే ప్రోటీన్లలో, కణం లోపలి వైపు, హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఒకటి ఉంది. ఆమ్లత పెరిగితే అది ప్రోటాన్‌ను పట్టుకుంటుంది, దారి మూసుకుపోతుంది. అరబిడాప్సిస్ అనే ఆవజాతి మొక్కలో 2003లో దీన్ని చూపించారు. మొక్క వాడడానికి ఇదొక కారణం. ఇక్కడ ప్రోటీన్ పొరలోంచి ఎక్కడికీ పోలేదు, మూసుకుంది. అదే రాయి.

నువ్వు ఒక్క పేరాలో దాటేసిన ఐఆర్‌టీ1, అదే వేరు కణంలోకి ఇనుముకు దారి ఇచ్చే ప్రోటీన్, దాని కథ వేరు. అసలు వ్యాసమంతా దాని మీదే ఉండాల్సింది. నీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది: "మా నాయన పల్లి చేనుకి అన్నభేది, నిమ్మ ఉప్పు కలిపి కొడతాడు." అన్నభేది అంటే ఇనుము లవణమే గదా. ఇంత మంచి మొదలు చేతిలో పెట్టుకుని వ్యాసాన్ని కణత్వచం, అంటే కణం పైపొర, నిర్వచనంతో ఎందుకు మొదలుపెట్టావమ్మా?

సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఉంటుంది, కానీ వేరుకు అందే రూపంలో ఉండదు. అప్పుడు వేరు ప్రోటాన్లను బయటికి వదిలి దాన్ని కరిగిస్తుంది, ఫెర్రిక్ రూపాన్ని ఫెర్రస్‌గా మారుస్తుంది, ఐఆర్‌టీ1 ద్వారా లోపలికి తీసుకుంటుంది. చిక్కేమిటంటే, ఆ దారిలో జింక్, మాంగనీస్, కోబాల్ట్, చివరికి కాడ్మియం కూడా దూరిపోతాయి. నువ్వు ఐఆర్‌టీ1ని అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో పోల్చావు. వాచ్‌మన్ మనిషిని చూసి లోపలికి పంపుతాడు, ఇది అలా ఏరి పంపలేదు. ఆ పోలిక తీసేయ్.

ఏరలేదు కాబట్టే మొక్కకు ఇంకో ఏర్పాటు కావలసి వచ్చింది. ఈ ప్రోటీన్‌లో కణం లోపలి వైపు ఉన్న ఒక ముక్కలో హిస్టిడిన్లు గుంపుగా ఉంటాయి. (ఆక్వాపోరిన్‌లోనూ హిస్టిడినే గదా, ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషం.) జింక్, మాంగనీస్ లాంటివి మితిమీరితే అక్కడ అతుక్కుంటాయి. కైనేజ్ అనే ఎంజైమ్ ఒకటి వచ్చి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, దాన్ని పట్టుకుని మరో ఎంజైమ్ యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ గొలుసు కడుతుంది. ఆ గుర్తు పడిన ప్రోటీన్‌ను కణం లోపలికి లాక్కుని, తనలో సంచిలా ఉండే రిక్తికకు పంపి ముక్కలు చేస్తుంది. ఇది 2018లో బయటపడింది. అంతకుముందు, 2011లో, యుబిక్విటిన్ అతికే చోట్లను మార్చి చూశారు. ప్రోటీన్ పొర మీదే ఉండిపోయింది, లోహాలు పేరుకుపోయి ఆ మొక్కలు బాగా దెబ్బతిన్నాయి. తీసేయలేని దారి మొక్కకు ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఈ ప్రయోగానికి నువ్వు ఒక పేజీ ఇచ్చినా నేను ఆగకుండా చదువుతాను. ఇవి కూడా అరబిడాప్సిస్‌లో తేలినవే, ఆ సంగతి స్పష్టంగా రాయి. నాయన చేలో అచ్చం ఇలాగే జరుగుతుందని రాయొద్దు.

ఒక తప్పు నేను చేశాను, నువ్వు చేయకు. ముప్పై ఏళ్ల కింద ఒక పత్రికలో కణత్వచం అనాల్సిన చోట కణకవచం అని, అంటే పైపొరకు బయటుండే గట్టి గోడ పేరు, రాశాను. ఒక రిటైర్డ్ బోటనీ మాస్టారు పోస్టుకార్డు రాశారు: "ఇది చదివి ఇంటర్ పిల్లలు పరీక్షలో తప్పు రాస్తే ఎవరిది బాధ్యత?" రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి, తెలిసినవాళ్లకు చదివి వినిపించకుండా ఏదీ పంపలేదు. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ మొక్కల విభాగంలో ఎవరినైనా అడుగు. టెన్షన్ పడకు, పావుగంట చాలంటే కాదనరు.

ఇంకొకటి. "ఆకులు పచ్చబడ్డాయి" అని రాశావు. మన భాషలో పచ్చ అంటే ఆకు రంగూ అవుతుంది, పసుపు రంగూ అవుతుంది. ఇనుము చాలకపోతే లేత ఆకులే ముందు పాలిపోతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉంటాయి. ముదిరితే ఆకు తెల్లబారుతుంది. దీన్ని మీ నాయన ఏ మాటతో చెబుతాడో ఈ రాత్రే ఫోన్ చేసి అడుగు. నీ మొదటి వాక్యంలో ఆ మాట వేసి, మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య