పాడైన్నాడు ఎవరొస్తరు సారూ? – మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే ముచ్చట చుట్టు తిరుగుతున్నయి, మన పిల్లలు చర్చి మిషన్ ప్రాజెక్టుల మీద ఆఫ్రికా పోవుడు. అందుకే మిగతావి వచ్చే సంచికకి జరిపి ఈ నాలుగే తీసుకున్న. ఊళ్ళకు మంచినీళ్ళిచ్చే పనిలనే నా సర్వీసంతా గడిచింది కాబట్టి నాకు తెలిసిన వరకు, మనసులున్నది ఉన్నట్టే చెప్త.

ప్రశ్న: సార్, నేను సివిల్ మూడో సంవత్సరం. మా చర్చి యూత్ నుంచి ఐదుగురం సెలవుల్లో రెండు వారాలు ఉగాండా పోతున్నం, అక్కడ మిషన్ స్కూల్‌కి నీళ్ళ సౌకర్యం చేసే ప్రాజెక్టు. టికెట్లు, వీసా, ఖర్చులు కలిపి తలా లక్షన్నర. మా బాబాయ్ ఏమో ఆ ఏడున్నర లక్షలు అక్కడికే పంపితే వాళ్ళే బోరు వేసుకుంటరు గదరా, మీరు పోయి చేసేదేంది అంటున్నడు. పోవాల్నా వద్దా? – బీటెక్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: తమ్ముడూ, మీ బాబాయ్ మాట తీసిపారేసేది కాదు. కాలువ తవ్వుడు, ఇటుకలు మోసుడు, గోడలకు సున్నమేసుడు, ఇవే పనులైతే మాత్రం పోకు, ఆ పని నీకంటే మంచిగ చేసే చేతులు అక్కడ కావల్సినన్ని ఉన్నయి, వాళ్ళకు కూలి దొరకాల్సిన పని నువ్వు లక్షన్నర పెట్టి చేసుడు ఎందుకు. కానీ సర్వే, నీళ్ళ పరీక్ష, డిజైన్, డ్రాయింగ్, ఇవి అక్కడి చిన్న స్కూళ్ళకు డబ్బు పెట్టినా తొందరగ దొరకయి. అమెరికాల కొలరాడోల పుట్టిన ఇంజనీరింగ్ మినిస్ట్రీస్ ఇంటర్నేషనల్ అనే క్రైస్తవ సంస్థ చేసేది ఇదే పని, దానికి ఉగాండాల కూడా ఆఫీసున్నది, సీనియర్ ఇంజనీర్లు, ఆర్కిటెక్టులతోని కలిపి స్టూడెంట్స్‌ని తీసుకపోయి డిజైన్ చేయిస్తరు. నీ టీంల పదేండ్ల అనుభవం ఉన్న ఇంజనీర్ ఒక్కరన్నా ఉన్నరా అడుగు. లేకుంటే ఈ ఏడు ఆగు.

ఇప్పుడు నాకు జరిగింది చెప్త. నేను కొత్తగ ఉద్యోగంల చేరినప్పుడు ములుగు దిక్కు ఒక ఊర్ల బోరింగ్ బిగించినం, కొబ్బరికాయ కొట్టినం, ఫోటో దిగినం, వచ్చేసినం. ఏడాదిన్నరకు వేరే పని మీద అటు పోతే బోరింగ్ హ్యాండిల్‌కి ఎవరో బర్రెను కట్టేసిండ్రు. నాలుగు నెలల నుంచి నీళ్ళు రాట్లేదంట, ఆడోళ్ళు వాగుల చెలిమె తోడుకొని తెచ్చుకుంటున్నరు. మనుషుల్ని పిలిపించి, మూడు కాళ్ళ స్టాండ్ వేసి, క్లాంపులు పట్టి ఒక్కొక్క పైపు విప్పుకుంట పైకి గుంజితే పొద్దు వాలే యాళ్ళకు అడుగున నీళ్ళు గుంజే సిలిండర్ బయటికొచ్చింది. అందుల తోలు వాచర్, అంటే నీళ్ళను పట్టి పైకి లేపే తోలు బిళ్ళ, అరిగి అరిగి తమలపాకంత పల్చగ అయ్యింది, అంతే. కొన్ని రూపాయల వాచర్. బిందె చంకల పెట్టుకొని నిలబడ్డ ఒకామె నన్నే చూస్తూ, పెట్టిన్నాడు అందరొచ్చిండ్రు, పాడైన్నాడు ఎవరొస్తరు సారూ అన్నది. నా దగ్గర జవాబు లేకుండె. నువ్వు ఉగాండా పోయే ముందు ఈ ప్రశ్నకు జవాబు రాసుకొని పో.

అక్కడ నీకు కనపడే చేతిపంపు చాలా మటుకు మన బోరింగే, ఇది తెలుసా? పాతకాలం ఇనుప పంపులు ఒక ఇంటికి సరిపోయేటట్టు చేసినయి, ఊరంతా కొడితే విరిగేవి. మహారాష్ట్రల జాల్నా, షోలాపూర్ దగ్గర మిషన్ల తరఫున బావుల పని చేసేటోళ్ళు 1960ల చివర్ల గట్టి పంపులు తయారు చేసిండ్రు, వాటి మీదనే 1970లల కేంద్ర ప్రభుత్వం, యూనిసెఫ్ కలిసి ఇండియా మార్క్ 2 తయారు చేయించినయి. ఉగాండాల దాన్నే యూ-2 అంటరు, మార్క్ 3ని యూ-3 అంటరు. మార్క్ 2ల వాచర్ మార్చాలంటే నేను చెప్పినట్టు పైపులన్ని గుంజాలె. మార్క్ 3ల పైపు వెడల్పుగ ఉంటది కాబట్టి పైపు కదపకుండ రాడ్లతోని వాచర్ ఉండే పిస్టన్ ఒక్కటే పైకి తియ్యొచ్చు. మలావి, కెన్యాలల 1980లల తయారైన ఆఫ్రిడెవ్ ఇంకా సులువు, ఊరోళ్ళే ఒక్క పానాతోని విప్పి బాగుచేసుకునేటట్టు ఉంటది, కానీ 45 మీటర్లు దాటితే పనికిరాదు. అంటే ఏ పంపు అనేది నీళ్ళ లోతును బట్టి, ఆ ఊరి దుకాణంల దొరికే సామాను బట్టి తేల్చాలె, మన ఇష్టాన్ని బట్టి కాదు.

ఇంకోటి, నీళ్ళ పీహెచ్, అంటే నీళ్ళల్ల ఆమ్లం ఎంతున్నదో చెప్పే కొలత, చూడకుండ ఇనుప పైపు దింపకు. పీహెచ్ 6.5 కంటే తక్కువుంటే జింక్ పూత పోయి పైపు తుప్పు పడతది, ఉగాండాల చాలా జాగల ఇదే జరిగింది, నీళ్ళు ఎర్రగ వచ్చి బట్టలు, అన్నం రంగు మారితే ఊరోళ్ళు ఆ బోరు వదిలేసి మళ్ళ గుంట నీళ్ళకే పోయిండ్రు. అసలు బోరే కావాల్నా అన్నది కూడా చూడు. అక్కడ చాలా ప్రాంతాల ఏడాదికి రెండు వానాకాలాలు, మార్చి నుంచి మే ఒకటి, సెప్టెంబర్ నుంచి నవంబర్ ఇంకోటి. 200 చదరపు మీటర్ల రేకుల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 2,000 లీటర్లు, పోయింది పోంగ 1,600 లీటర్లన్నా ట్యాంకుల పడతయి. టేపు పట్టి కప్పు కొలిచి లెక్క కట్టు. మొదటి వాన నీళ్ళు, ఆ దుమ్ము, పిట్టల రెట్టలు పక్కకు పోయే పైపు పెట్టు. లెట్రిన్ గుంటకు, నీళ్ళకు 30 మీటర్లన్నా ఎడముండాలె, గుంట దిగువకుండాలె.

కొత్త ఆలోచన అని చూసి మురిసిపోయేది కూడా వద్దు. పిల్లలు రంగులరాట్నం తిప్పితే నీళ్ళు పైకొస్తయని ప్లేపంప్ అని ఒకటి తెచ్చిండ్రు, 2006ల అమెరికా నుంచి బాగా డబ్బులొచ్చినయి, పిల్లలు ఆడనప్పుడు ఆ చక్రం తిప్పాల్సింది మళ్ళ ఆడోళ్ళే అయ్యింది, పాడైతే ఊర్ల బాగుచేసేటోడు లేడు, కొన్ని ఊర్లల్ల పాత చేతిపంపే మంచిగుండె అన్నరు. ఆఫ్రికాల సహారా దిగువ దేశాలల్ల చేతిపంపుల్ల సుమారు మూడోవంతు ఎప్పుడు చూసినా పనిచెయ్యకుండ ఉంటయని లెక్కలున్నయి, ఎక్కువ మటుకు కారణం వాచర్, మెకానిక్, నెలకింత అని జమ చేసుకునే కమిటీ, ఈ మూడిట్ల ఒకటి లేకపోవుడే. అందుకే ఆ రెండు వారాలల్ల రెండ్రోజులు అక్కడి మెకానిక్‌తోని గడుపు, నీ చేతులతోని పంపు విప్పి బిగియ్యి, ఆయన ఫోన్ నంబర్ రాసుకో, వాచర్ ఏ పట్నంల దొరుకుతదో ఆయనతోని పోయి చూసి రా. డ్రాయింగుల కాపీ ఒకటి హెడ్‌మాస్టర్ దగ్గర, ఒకటి మేస్త్రి దగ్గర పెట్టు. ఇవన్ని చేస్తనంటే పో తమ్ముడూ, మీ బాబాయ్‌కి నేను చెప్పిన అని చెప్పు.

ప్రశ్న: మా పూర్వ విద్యార్థులు కొందరు కెన్యాల ఫ్లోరైడ్ పని చూడబోతున్నరు. నల్లగొండ పద్ధతి అక్కడ కూడా వాడిండ్రంట, నిజమేనా? – సైన్స్ టీచర్, పరకాల

జవాబు: నిజమే సార్. 1970లల నాగపూర్ నీరి సంస్థ తయారు చేసిన పద్ధతి అది, పటిక, సున్నం కలిపి కలియబెట్టి, తేరుకున్నంక పైన నీళ్ళు వంపుకునుడు. ఇథియోపియా, కెన్యా, టాంజానియాల రిఫ్ట్ వ్యాలీ అనే పెద్ద లోయ పొడుగునా ఫ్లోరైడ్ బాధ ఉన్నది, అక్కడ కూడా ఈ పద్ధతి వాడి చూసిండ్రు. మన జిల్లా పేరు అంత దూరం పోయింది అంటే గర్వం కన్నా ఎక్కువ నాకు వంకర కాళ్ళ పిల్లలే యాదికొస్తరు. కష్టమేందంటే రోజూ సరైన మోతాదు వెయ్యాలె, అడుగున మిగిలిన బురద ఎక్కడ పారబోయాల్నో చూసుకోవాలె, ఇంటిల్లిపాది పనుల మధ్య అది నడవదు.

మీ పిల్లలు కెన్యాల నకూరు పోతే అక్కడి క్యాథలిక్ డయాసిస్ (బిషప్ కింద ఉండే చర్చిల సంఘం) వాళ్ళు చేసిన పని చూడుమనండి. వాళ్ళు పశువుల ఎముకలను బట్టీల గాలి తక్కువిచ్చి కాల్చి, నల్లగైన బొగ్గును దంచి, జల్లించి ఫిల్టర్ల నింపుతరు. ఫ్లోరైడ్ మన పండ్లల్ల, ఎముకలల్ల ఎట్ల పోయి కూసుంటదో అట్లనే ఆ బొగ్గు మీద కూసుంటది, మనిషి ఎముకకు పట్టేదాన్ని ఆ పశువు ఎముకకు పట్టిస్తున్నరు. కొన్ని నెలలకు బొగ్గు పని అయిపోతది, మార్చాలె. నీళ్ళ రుచిల, రంగుల తేడా ఏం తెల్వదు కాబట్టి పరీక్ష చేస్తనే తెలుస్తది, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. మీ పిల్లలు ఫిల్టర్ ముందు నీళ్ళు, వెనక నీళ్ళు రెండూ పట్టి ఇంటింటికి తిరిగి పరీక్ష చేసి ఆ లెక్క ఇచ్చొస్తే చాలు, మంచి పని. మన దిక్కు ఎముకల ఫిల్టర్ అంటే జనం తాగరు అనే నాకు అనిపిస్తది, అక్కడోళ్ళు ఎట్ల ఒప్పుకున్నరో కూడ అడిగి రమ్మనండి.

ప్రశ్న: మా బిడ్డ ఉగాండా పోత అంటున్నది. రోగాలని అందరు భయపెడుతున్నరు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలె? – ఒక తల్లి, జమ్మికుంట

జవాబు: అమ్మా, భయం సహజమే. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి, హైదరాబాద్ నారాయణగూడల ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌ల వేస్తరు, పాస్‌పోర్టు వెంట ఉండాలె. వేసుకున్న 10 రోజులకు గానీ వాళ్ళిచ్చే టీకా కార్డు చెల్లదు కాబట్టి ఆఖరి వారం దాకా ఆగొద్దు, కార్డు లేకుండ తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులనే ఆపి 6 రోజుల దాకా క్వారంటైన్‌ల పెడతరు. గుడ్డు పడకపోతే డాక్టర్‌కి ముందే చెప్పాలె. మలేరియా గోళీలు పోకముందే మొదలుపెట్టి, వచ్చినంక కూడా డాక్టర్ చెప్పినన్ని రోజులు మింగాలె, ఇంటికొచ్చిన అని ఆపెయ్యొద్దు. వచ్చినంక నెల, రెండు నెలలకు జ్వరమొచ్చినా ఆఫ్రికా పోయొచ్చిన అని డాక్టర్‌కి మొదలే చెప్పుమను. విక్టోరియా సరస్సు చూడముచ్చటగ ఉంటది, ఒడ్డున నీళ్ళల్ల దిగొద్దు, నత్తల నుంచి వచ్చే పురుగు చర్మంలకెళ్ళి లోపలికి పోతది. బోడాబోడా అని బైక్ ట్యాక్సీలుంటయి, ఎక్కొద్దనే చెప్పు.

తిండి గురించి మాత్రం రంది పెట్టుకోకు. పోషో అని మక్కపిండితోని చేస్తరు, మన మక్క గట్క ఎరిగినోళ్ళకు అది కొత్త కాదు.

ప్రశ్న: నేను క్రిస్టియన్‌ను కాదు. నా దోస్తు వాళ్ళ మిషన్ టీంల సోలార్ పంపు పనికి ఎలక్ట్రికల్ చదివిన నన్ను రమ్మంటున్నడు. పోవచ్చునా? నీళ్ళు చూపించి మతం మార్పిస్తరని కొందరంటున్నరు. – ఈఈఈ విద్యార్థి, మహబూబాబాద్

జవాబు: నీ మనసు ఒప్పుకుంటే పో. పోకముందే అడుగు, ప్రార్థనకు కూసునుడు నాకు తప్పనిసరా అని, వాళ్ళు సూటిగ చెప్పాలె, నువ్వు కూడా వాళ్ళు ప్రార్థన చేసుకునేటప్పుడు మర్యాదగ ఉండాలె. ఉగాండాల 1877 నుంచే మిషనరీలు ఉన్నరు, ఇప్పుడు జనంల 80 శాతానికి పైన క్రైస్తవులే, మన పిల్లలు పోయి వాళ్ళకు కొత్తగ చెప్పేదేం లేదు. 1878ల అక్కడికి పోయిన అలెగ్జాండర్ మెకే అనే ఆయన స్కాట్లాండ్ ఇంజనీరే, ఇనుము కాచిండు, అక్కడి లుగాండా భాషల పుస్తకాలు అచ్చు వేసిండు, 1890ల చచ్చిపోయేదాక ఇంటికి పోలేదు. పని చేసే తెల్లోడు అని ఆయనకు పేరు పడ్డది. మీ జిల్లా డోర్నకల్‌కి కూడా తిరునెల్వేలి నుంచి తమిళ మిషనరీలు వచ్చి తెలుగు నేర్చుకొని ఇక్కడే ఉండిపోయిండ్రు, వాళ్ళను పంపిన సంఘం 1903ల పెట్టినోళ్ళల్ల ఒకరైన అజరయ్యనే 1912ల డోర్నకల్ బిషప్ అయ్యిండు, ఇంగ్లండ్ చర్చి నుంచి వచ్చిన ఆంగ్లికన్ సంఘంల మొదటి భారతీయ బిషప్ ఆయనే. రెండు వారాలకు పోయేటోళ్ళకు అంత ఓపిక రాదు, కానీ భాషల పది మాటలన్నా నేర్చుకొని పోండి.

నీళ్ళకు మాత్రం మతం ముచ్చట అడ్డం రావద్దు, ఇది మీ దోస్తుకు కూడా చెప్పు, బిందె పట్టుకొచ్చినోళ్ళను ప్రార్థనకొచ్చినవా అని అడిగే కాడికి వస్తే ఆ పని మొదలే చెయ్యొద్దు. కరెంటు అక్కడ 240 వోల్టులే, మనకు దగ్గరే, ప్లగ్గుకు మాత్రం చదరపు పిన్నులు మూడుంటయి, అడాప్టర్ తీసుకపో. ప్యానెళ్ళు దొంగల పాలు గాకుండ స్టాండ్ ఎత్తుగ వెల్డింగ్ చేయించు, మోటారును నడిపే కంట్రోలర్ పాడైతే ఉగాండా రాజధాని కంపాలాల ఎవరు బాగుచేస్తరో పోకముందే తెలుసుకో. ఇంకొకటి, డ్రాయింగ్ గీసేటప్పుడే స్కూల్ కాంపౌండ్ గోడకు బయటి దిక్కు ఒక నల్లా పెట్టించు, బడి గేటు మూసినంక కూడా ఊరోళ్ళు ఎవరొచ్చినా బిందె నింపుకునేటట్టు.